తమ్ముడి ఊరును తన ఊరుగా చెప్పుకున్న టార్జాన్

టార్జాన్ అంటే మనవాళ్లకు తెలియని పేరు కాదు. మొలకు తోలుముక్క చుట్టుకుని, ఊడలు పట్టుకుని చెట్టు మీంచి చెట్టు మీదికి ఊగుతూ, కొండలు మారుమోగేలా కేక పెట్టే ఆ అడవి మనిషి వేషానికి ఒకప్పుడు ఎంత గిరాకీ అంటే, 1937లో బొంబాయిలోని వాడియా మూవీటోన్ వారు సైతం జాన్ కావస్‌తో 'తూఫానీ టార్జాన్' తీశారు. ఆ గిరాకీని లోకమంతా పెంచిన జానీ వైస్‌ముల్లర్ మాత్రం రంగస్థలం నుంచి వచ్చినవాడు కాదు. ఆయన ఈతగాడు. రెండు ఒలింపిక్స్‌లో అయిదు బంగారు పతకాలు గెలిచినవాడు. ఆ పతకాల వెనుక ఒక కుటుంబ రహస్యం ఉంది. దాన్ని ఆయన బతికినంత కాలం కడుపులోనే దాచుకున్నాడు.

జానీ 1904 జూన్ 2న అప్పటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ఫ్రైడార్ఫ్ అనే ఊళ్లో జర్మన్ మాట్లాడే ఇంట పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రుమేనియాలోని తిమిషోరా నగరంలో కలిసిపోయింది. జానీకి ఏడాది నిండకముందే, 1905లో, తల్లిదండ్రులు పిల్లవాణ్ని చంకనేసుకుని ఓడెక్కి అమెరికా చేరారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో విండ్‌బర్ అనే బొగ్గుగనుల ఊళ్లో కొంతకాలం ఉన్నారు. తమ్ముడు పీటర్ అక్కడే పుట్టాడు. ఆ తర్వాత కుటుంబం షికాగోకు మారింది. చదువు మధ్యలోనే ఆగిపోగా జానీ ఒక హోటల్లో సామాన్లు మోశాడు, లిఫ్టు నడిపాడు. మిగిలిన పొద్దంతా నీళ్లలోనే.

ఇల్లినాయ్ అథ్లెటిక్ క్లబ్ శిక్షకుడు విలియం బక్రాక్ కంట్లో పడటంతో కుర్రవాడి దశ తిరిగింది. బక్రాక్ అతణ్ని వెంటనే పోటీలకు దింపలేదు. నెలల తరబడి బార సరిచేయడమే పనిగా పెట్టుకున్నాడు. ఛాతీ నీటిపైకి తేలేటట్లు, వీపు విల్లులా వంచి, తల ఎత్తి ఈదడం జానీ పద్ధతి. కాలువల్లో బారలు వేసి పెరిగిన మనవారికి ఇది చెప్పనక్కరలేదు గాని, తల ఎత్తి ఈదితే ఎవరికైనా వేగం తగ్గుతుంది. అతనికి తగ్గలేదు. 1921 ఆగస్టులో తొలి జాతీయ పోటీ గెలిచాడు. 1922 జూలై 9న కాలిఫోర్నియాలోని అలమీడాలో వంద మీటర్లను 58.6 సెకన్లలో ఈదాడు. అంతవరకు మనిషన్నవాడు ఒక్క నిమిషం లోపు ఆ దూరం ఈది ఎరుగడు. హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు పేరిట ఉన్న రికార్డు ఆ దెబ్బతో చెదిరిపోయింది.

కాగితంలో మారిన ఊరు

1924లో పారిస్ ఒలింపిక్స్ వచ్చాయి. అమెరికా జట్టులో ఈదాలంటే అమెరికా పౌరుడై ఉండాలి. జానీ పౌరసత్వంపై ప్రశ్నలు లేచాయి. అప్పుడు పుట్టిన ఊరుగా విండ్‌బర్‌ను చూపించారు. అంటే తమ్ముడి జన్మస్థలం అన్నకు వచ్చింది. ఆ కాగితంతో పాస్‌పోర్టు దక్కింది. చట్టం దృష్టిలో అది తప్పే. అయితే ఊహ తెలియకముందే వచ్చి, అమెరికా తప్ప మరో దేశం ఎరుగని కుర్రవాడిని పరాయివాడనడం కూడా ఎంత సబబో ఆలోచించవలసిందే. గుట్టు బయటపడి ఉంటే పతకాలకే ముప్పు వచ్చేది.

పారిస్‌లో వంద మీటర్ల ఫైనల్లో డ్యూక్‌ను, అతని తమ్ముడు శామ్‌ను వెనక్కి నెట్టి 59 సెకన్లలో గెలిచాడు. నాలుగు వందల మీటర్లలో స్వీడన్ వాసి ఆర్నే బోర్గ్‌ను ఓడించాడు. రిలేలో మూడో బంగారం. అది చాలదన్నట్లు వాటర్ పోలోలో కాంస్యం! 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరో రెండు బంగారు పతకాలు వచ్చాయి. 1924లో 57.4 సెకన్లతో నెలకొల్పిన వంద మీటర్ల రికార్డు పదేళ్లు చెక్కుచెదరలేదు.

ఆ పతకాలకు మించిన సంఘటన 1927 జూలైలో జరిగింది. షికాగో వద్ద మిచిగాన్ సరస్సులో అన్నదమ్ములిద్దరూ సాధన చేస్తుండగా ఉన్నట్టుండి గాలివాన లేచింది. 'ఫేవరిట్' అనే విహార నౌక బోల్తా పడింది. జానీ, పీటర్ మునిగి తేలుతూ ఒక్కొక్కరినే పైకి లాగారు. పాతికమందికి పైగా జలసమాధి అయిన ఆ ప్రమాదంలో ఆ ఇద్దరి చేతుల మీదుగా 11 మంది బతికి బయటపడ్డారు. వారిలో ఒకరు ఊరు ఇచ్చినవాడు, మరొకరు ఆ ఊరి పేరుతో గెలిచినవాడు.

పతకాలు కడుపు నింపవు

ఒలింపిక్స్‌లో ఈదేవాడు ఈత మీద పైసా సంపాదించరాదన్నది ఆనాటి నిబంధన. అయిదు బంగారు పతకాలున్నా ఆదాయం సున్న. అందుకే 1929లో పోటీలకు స్వస్తి చెప్పి, బి.వి.డి. అనే ఈతదుస్తుల కంపెనీలో వారానికి 500 డాలర్లకు ప్రచార ఉద్యోగంలో చేరాడు. సినీ రచయిత సిరిల్ హ్యూమ్ ఆయనను ఒక ఈతకొలనులో చూసి, తాము వెతుకుతున్న టార్జాన్ దొరికాడనుకున్నాడు. కంపెనీ తన మనిషిని వదలడానికి ఒక బేరం పెట్టింది: ఎం.జి.ఎం. తారలు తమ ఈతదుస్తుల్లో ఫొటోలు దిగాలి. సరేనన్నారు.

1932లో 'టార్జాన్ ది ఏప్ మ్యాన్' విడుదలైంది. జేన్‌గా మారీన్ ఓసల్లివాన్ నటించింది. ఎడ్గార్ రైస్ బరోస్ నవలల్లోని టార్జాన్ పలు భాషలు నేర్చిన ప్రభువంశీకుడు. తెర మీది టార్జాన్‌కు మాత్రం నాలుగు మాటలు గగనం. నటన రానివానికి అది వరమైంది. రచయితకు మింగుడు పడని మార్పయింది. మన ఆసియా ఏనుగులకు పెద్ద పెద్ద బూటకపు చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులని చూపించిన సినిమా అది! నీటి దృశ్యాల్లో మాత్రం ఏ బూటకమూ అక్కరలేదు. మొసలి వెంటపడినా, జేన్‌ను కాపాడవలసి వచ్చినా ఆ బార అసలైనదే. 1934లో వచ్చిన రెండో చిత్రంలో జేన్ నీటి అడుగున ఈదే దృశ్యానికి జోసెఫిన్ మెకిమ్ అనే ఒలింపిక్ ఈతగత్తెను పెట్టవలసి వచ్చింది. నాయకుడికి ఆ అవసరం రాలేదు.

1948 వరకు 12 టార్జాన్ చిత్రాలు వచ్చాయి. ఒళ్లు బరువెక్కాక ఒంటి నిండా బట్టలు వేసుకుని 'జంగిల్ జిమ్' చిత్రాలు చేశాడు. వేరే వేషానికి ఆయనను పెద్దగా ఎవరూ పిలవలేదు. అయిదు పెళ్లిళ్లు జరిగాయి. చేతిలో డబ్బు నిలవలేదు. 1970లలో లాస్ వేగాస్‌లోని ఒక జూదశాల హోటల్లో అతిథులకు స్వాగతం చెప్పే ఉద్యోగం చేశాడు. తర్వాత పక్షవాతం వచ్చింది.

1984 జనవరి 20న మెక్సికోలోని అకపుల్కోలో ఆయన కన్నుమూశాడు. శవపేటికను గోతిలోకి దించుతుండగా టార్జాన్ కేకను మూడుసార్లు వినిపించారు. ఫ్రైడార్ఫ్ సంగతి లోకానికి తెలిసింది ఆ తర్వాతే. పతకాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ అయిదూ నేటికీ అమెరికా లెక్కలోనే ఉన్నాయి.