చీర కట్టిన మగాడు... చేతులు జోడించే జనం!

‘పుష్ప–2’ చూశారు కదూ? 2024 డిసెంబర్ 5న విడుదలైన ఆ చిత్రంలో అల్లు అర్జున్ చీర కట్టి, ముఖానికి నీలం రంగు పూసుకుని, మెడలో నిమ్మకాయల దండతో జాతరలో ఊగిపోతుంటే ఈల వేయని కుర్రకారు ఎక్కడ? మిగతా జిల్లాల వాళ్లు “మగాడికి చీరేమిటి?” అని ముక్కున వేలేసుకున్నారేమో గాని, మా తిరుపతి వాళ్లం మాత్రం “ఓస్, ఇంతేనా!” అనుకున్నాం. ఆ వేషాలు ఏటా మే నెలలో మా వీధుల్లోకే వస్తాయి. టిక్కెట్టు లేదు, ఇంటర్వెల్ లేదు!

తాతయ్యగుంట గంగమ్మ తిరుమల వెంకన్నకు చెల్లెలని మా నమ్మకం. అందుకే జాతరకు కొండ మీది నుంచి సారె వస్తుంది. ఇక కథంటారా? పూర్వం ఒక పాలెగాడు కంటబడిన ఆడపిల్లనల్లా చెరబడుతుండేవాడట. గంగమ్మ ఉగ్రరూపం చూసి, భయంతో ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ అమ్మ రోజుకో వేషం వేసింది. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో దొరగారనుకుని వాడు బయటికి వచ్చాడు. అంతే, తల తెగిపడింది! ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదార్చిందట. చంపిన చెయ్యే కన్నీళ్లు తుడవడం! ఇలాంటి మలుపు ఏ సినిమా రచయితకు తట్టింది చెప్పండి?

జాతరలో ఈ కథంతా మళ్లీ నడుస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు. బుధవారం ఒంటినిండా నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం, గురువారం కుంకుమ పూసుకుని బండవేషం, శుక్రవారం బొగ్గు పూసుకుని తోటి వేషం... అలా మళ్లీ మంగళవారం దాకా. ముఖ్యమైన వేషాలు కైకాల కుటుంబం వారివి. మొక్కుకున్న వాళ్లు ఎవరైనా తమ వేషం తాము వేసుకోవచ్చు.

బండవేషం నాడు చూడాలి! వేషం కట్టినవాడు నోటికొచ్చిన బూతులు తిడతాడు. మామూలు రోజున ఆ మాటల్లో ఒక్కటి అన్నా పళ్లు రాలగొడతారు. ఆనాడు మాత్రం పెద్దమనుషులు కూడా నవ్వి ఊరుకుంటారు. ఏడాది పొడుగునా “ఒరేయ్” అని పిలిచే అవ్వ, చీర కట్టిన మనవణ్ణి చూసి “అమ్మా, తల్లీ” అంటూ చేతులు జోడిస్తుంది. ఇది నేను ఎన్నోసార్లు చూసిన ముచ్చటే.

అయితే ఇక్కడ బలం ఎవరిది? తిట్టేవాడిదేనా? కాస్త ఆలోచించండి. మీసాలున్న కుర్రవాడు చీర కట్టి, గాజులు వేసుకుని, మండే ఎండలో తోటి స్నేహితుల మధ్య నడుస్తున్నాడు. వాళ్లు ఎగతాళి చేస్తే అతని పరువు గోవిందా! కాని చేయరు. అతను ధైర్యంగా తనను జనం చేతుల్లో పెడతాడు. జనం కొంత బలం అతనికి అప్పిస్తారు. అప్పుకు గడువుంది. చివరి తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరకగానే సరి! ఆ మట్టిని ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటాం. తిట్టే హక్కూ అక్కడితో చెల్లు.

చిత్తూరు పల్లెల్లో జరిగే భారత ఉత్సవాల్లోనూ ఇదే తీరు. అర్జునుడి వేషగాడు ఎత్తయిన తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. సంతానం కోరే ఆడవాళ్లు కింద వరపడి ఉంటారు. కాలు జారితే ప్రాణం అతనిది, కొంగులో పడకపోతే దుఃఖం వాళ్లది. ఇద్దరూ నమ్మకం మీదే ఉన్నారు.

నియమం లేకపోతే ఏమవుతుంది? 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే యుగోస్లావియా కళాకారిణి ఒక ప్రదర్శన చేసింది. బల్ల మీద 72 వస్తువులు పెట్టి, వాటితో నన్ను ఏమైనా చేయండి అని ఆరు గంటలు కదలక నిలబడింది. గులాబీ ఉంది, తేనె ఉంది, కత్తెర ఉంది, పిస్తోలూ ఉంది. మొదట పువ్విచ్చిన జనమే తర్వాత బట్టలు కత్తిరించారు, ఒళ్లు గాయపరిచారు, ఒకడు పిస్తోలు గురిపెట్టించాడు! గడువు తీరి ఆమె కదిలి ఎదురు నడవగానే అందరూ పారిపోయారు. బొమ్మ మనిషయ్యేసరికి ముఖం చూడలేకపోయారన్నమాట.

మరి మన హాళ్ల సంగతి? ‘పుష్ప–2’ ముందురోజు రాత్రి ఆట, 2024 డిసెంబర్ 4న, హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆనాటి బాధ్యతల లెక్క చట్టం తేలుస్తుంది. నేను చెప్పేది మన సంగతి. తెర మీది వేషానికి బలం ఇచ్చేది మనమే. ఆ బలం మన పక్కనున్న వాళ్ల మీద పడకుండా చూసుకోవలసిందీ మనమే.

జాతరలో కూడా వేషం చాటున ఆడపిల్లల మీద చెయ్యి వేసే ప్రబుద్ధులు దొరక్కపోరు. తమ్ముళ్లూ, అలాంటివాడు చీర కట్టినా, కుంకుమ పూసుకున్నా గంగమ్మ కాడు. అమ్మ వారం రోజులుగా వీధి వీధీ వెతుకుతున్న పాలెగాడు వాడే! మీ గుంపులో కనబడితే దాచకండి... ఏమంటారు?