పరదేశపు వీధిలో చాచిన చేయి

వ్యాసమహర్షి కాశీలో భిక్షకు వెళ్లిన కథ తెలుగువారికి కొత్త కాదు. శ్రీనాథ మహాకవి కాశీఖండంలో ఆ కథను విస్తారంగా చెప్పాడు. శిష్యులను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మహర్షికి రోజుల తరబడి ఒక్క ముద్ద పుట్టలేదు. అది విశ్వేశ్వరుని పరీక్ష. వేదాలను విభజించిన మహానుభావుడు, పురాణాలు పలికిన జ్ఞాని ఆకలికి తాళలేక ఆ పుణ్యనగరాన్నే శపించబోయాడు. అప్పుడు అన్నపూర్ణాదేవి పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చింది. ఆయనను మందలించింది. మందలించి ఊరుకోలేదు, శిష్యులందరితో సహా పిలిచి కడుపునిండా వడ్డించింది.

ఈ కథను మనం ఎప్పుడూ వ్యాసుని కోపం వైపు నుంచే వింటాం. ఒక్కసారి ఆ మూసిన తలుపుల వైపు నుంచి ఆలోచించండి. ముంగిట్లో నిలిచిన పరాయి మనిషి ఎవరో లోపలివారికి తెలియదు. పెట్టాలో వద్దో తెలియదు. నేడు గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల నుంచి చదువుకో, కొలువుకో సముద్రాలు దాటి వెళ్లిన మన బిడ్డలది సరిగ్గా ఇదే స్థితి. కాకపోతే చిన్న తేడా ఉంది. అక్కడ చేయి చాచినవాడు ఆ ఊరివాడు, పరాయివారు మన బిడ్డలే.

తెలిసిన ముఖం, తెలియని చేయి

మన ఊళ్లలో యాచన అంతా ఒక్కటి కాదు. సంక్రాంతికి వచ్చే హరిదాసును, గంగిరెద్దులవాణ్ణి, శంఖం ఊదుతూ వచ్చే జంగమదేవరను, తెల్లవారుజామున డమరుకం మోగించే బుడబుక్కలవాణ్ణి మనం బిచ్చగాళ్లుగా చూడలేదు. చేటలో బియ్యం పోసింది వారి విద్యకూ, వారి దీవెనకూ. శివరాత్రికి నల్లమల దారిన శ్రీశైలం నడిచివెళ్లే భక్తులకు మజ్జిగ ఇవ్వడం, అన్నం పెట్టడం ఈ ప్రాంతపు గృహస్థులకు అలవాటు. ఇక అవధూత కాశినాయన పేరు వినని ఇల్లు ఇక్కడ ఉండదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, నల్లమల పరిసరాలంతా తిరిగి, శిథిలాలయాలను బాగుచేయించి, 1995లో కడప జిల్లా జ్యోతిక్షేత్రంలో సిద్ధిపొందిన ఆ మహనీయుని మార్గమంతా అన్నదానమే. ఆయన పేరిట వెలసిన ఆశ్రమాలలో వచ్చినవాడి కులం, ఊరు అడగకుండా విస్తరి వేస్తారు.

ఇటువంటి గడ్డమీద పుట్టిన పిల్లవాడు అమెరికాలో ఒక కూడలి దగ్గర ఆగుతాడు. ఎదుట ఒక మనిషి అట్టముక్క మీద తన కష్టాన్ని రాసి పట్టుకుని నిలబడి ఉంటాడు. కాళ్లకు బూట్లు ఉన్నాయి. ఇంగ్లీషు మనవాడి కంటే బాగా మాట్లాడతాడు. ఇంత సంపన్న దేశంలో బిచ్చగాడు ఎందుకున్నాడు? మత్తుమందు కోసమా? పర్సు తీస్తే లాక్కుంటాడా? గొడవైతే వీసాకు ఇబ్బంది వస్తుందా? ఈ ప్రశ్నలు తెమిలేలోపు పచ్చదీపం వెలుగుతుంది. బండి కదులుతుంది.

మొదటిరోజు మనసు కలుక్కుమంటుంది. పదోరోజుకు అలవాటవుతుంది. వందోరోజుకు ఆ మనిషి కనబడడమే మానేస్తాడు. అక్కడే నిలబడి ఉంటాడు, అయినా కనబడడు. పాఠకులారా, మనం భయపడవలసింది ఈ వందోరోజు గురించి. జేబులోంచి ఒక డాలరు పోయిందా, మిగిలిందా అన్నది చిన్న లెక్క. చిన్ననాడు అమ్మ చేటతో బియ్యం పోస్తుండగా నేర్చుకున్న కనికరం మిగిలిందా లేదా అన్నది పెద్ద లెక్క.

అమెరికా ప్రభుత్వం 2024 జనవరిలో ఒక రాత్రి లెక్కించినప్పుడు ఇల్లు లేనివారు 7,71,480 మంది తేలారు. వారందరూ యాచకులు కారు. చేయి చాచినవారందరూ ఇల్లు లేనివారూ కారు. మండిపోయే ఇంటి అద్దెలు, జబ్బు, మతిచాంచల్యం, వ్యసనం, తెగిపోయిన బంధుత్వం వంటి కారణాలలో ఏది ఒక మనిషిని వీధికి చేర్చిందో కారు అద్దంలోంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన గడ్డకు వచ్చిన పరదేశులు

ఈ చిక్కు మన బిడ్డలతోనే మొదలు కాలేదు. ఒకప్పుడు మన దేశానికి వచ్చిన పరదేశులకు మన ఆకలి ఎదురైంది. వారిలో ఇద్దరి నడవడి నేటికీ ఆలోచింపజేస్తుంది.

మొదటివాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు నిఘంటువు కూర్చినవాడిగా ఆయనను అందరం ఎరుగుదుం. 1832-33లో నందన నామ సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు సీమను కబళించినప్పుడు ఆయన అక్కడ కంపెనీ ఉద్యోగి. పైఅధికారులు దాన్ని ‘కొరత’ అని మెత్తగా అంటుండగా, ఆయన తన లేఖల్లో ‘కరువు’ అనే రాశాడు. ఆ మాట వారికి రుచించలేదు. 1834లో ఆయన ఉద్యోగం పోవడానికి, కరువు విషయంలో పైవారితో వచ్చిన విభేదాలు కూడా ఒక కారణమని చరిత్ర చెబుతుంది. పరాయి నేల మీద ఆయన పాటించిన మొదటి ధర్మం, కళ్లెదుటి ఆకలిని ఆకలి అనడం. చూసినదానికి మెత్తని పేరు పెట్టుకుని పక్కకు తప్పుకోకపోవడం.

రెండవవాడు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికా నుంచి వచ్చి 1866లో ఒంగోలులో స్థిరపడిన బాప్టిస్టు మతప్రచారకుడు. 1876లో మొదలైన ధాత కరువు రెండేళ్లు మదరాసు రాజధానిని పీడించింది. అత్యంత తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మన కంభం, మార్కాపురం తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. ఒంగోలులో క్లౌ వాకిలి ముందు ఆకలిగొన్న జనం చేరారు. పిడికెడు గింజలు పంచితే ఆ పూటకు సరిపోతుంది. మరునాటి మాటేమిటి? యువకుడిగా ఉన్నప్పుడు నేర్చిన భూమికొలత విద్య ఆయనకు అక్కరకు వచ్చింది. తీరం వెంబడి తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో 3½ మైళ్ల పనిని గుత్తకు తీసుకున్నాడు. అన్నార్తులు మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి పుచ్చుకున్నారు.

ఆయన మతకార్యం గురించి ఎవరి అభిప్రాయం వారిది. 1878లో వేలమంది ఆ మతంలో చేరడం పైన చర్చ నేటికీ ఉంది. అయితే ఒక్క విషయం గమనించదగినది. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పెట్టే చేతికి ఉండవలసిన నియమం ఇది. పుచ్చుకునేవాడి అవసరాన్ని ఆసరాగా చేసుకుని అతని నుంచి ఏదీ రాబట్టుకోకూడదు. ఆఖరికి కృతజ్ఞతను కూడా.

చట్టం ఒకచోట ఒకలా

మన ఊరి ధర్మం మన ఊళ్లో చెల్లుతుంది. పరాయి దేశంలో అడుగుపెట్టినవాడు ముందు అక్కడి కట్టుబాటు తెలుసుకోవాలి. గల్ఫ్ దేశాల సంగతి చూడండి. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో చట్టం ప్రకారం భిక్షాటన నేరం. 3 నెలల దాకా జైలు, కనీసం 5,000 దిర్హాముల జరిమానా ఉంటాయి. ముఠాలు కట్టి బిచ్చమెత్తించేవారికి ఇంకా పెద్ద శిక్ష. అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం కూడా అక్కడ నేరమే. తోటి కూలి జబ్బుపడ్డాడనో, చనిపోయినవాడి శరీరాన్ని ఊరికి పంపాలనో మనవారు మంచిమనసుతో సెల్‌ఫోన్ సందేశాల ద్వారా డబ్బు పోగుచేయబోయినా చిక్కుల్లో పడవచ్చు. ఇటువంటి వేళ భారత రాయబార కార్యాలయాన్నో, ప్రభుత్వ అనుమతి ఉన్న ధర్మసంస్థనో ఆశ్రయించడమే క్షేమం.

అమెరికాలో తీరు వేరు. నోరు తెరిచి సాయం అడగడం వాక్స్వాతంత్ర్యంలో భాగమని అక్కడి న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. కానీ ఆరుబయట పడుకోవడాన్ని నగరాలు శిక్షించవచ్చని 2024లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన దేశంలో చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో యాచన నిరోధానికి 1977లోనే చట్టం వచ్చింది. మరోవైపు యాచనను నేరంగా చూపే చట్టనిబంధనలను ఢిల్లీ హైకోర్టు ఆ నగరం మేరకు 2018 ఆగస్టులో కొట్టివేసింది. బతకడానికి వేరే దారి చూపలేని సమాజం, చేయి చాచినవాణ్ణి నేరస్థుడనడం తగదన్నది ఆ తీర్పు సారాంశం.

చట్టాన్ని గౌరవించవలసిందే. అయితే ఒక జాగ్రత్త. చట్టం చెప్పేది చేతికి, మనసుకు కాదు. నాణెం ఇవ్వకూడని చోట కూడా మనిషిని మనిషిగా చూడవద్దని ఏ చట్టమూ చెప్పలేదు.

దేశం, కాలం, పాత్రం

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో దానాన్ని మూడు విధాలుగా విభజించారు. ప్రతిఫలం కోరకుండా, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చేది సాత్వికం. అవమానించి, చులకన చేసి విసిరేది తామసం. మనలో చాలామంది ‘పాత్రుడు’ అన్న మాటను తప్పించుకోవడానికి వాడుకుంటాం. వాడు తాగుబోతు, సోమరి, కాబట్టి అపాత్రుడు అని తీర్పు చెప్పి ముందుకు సాగిపోతాం. కానీ అన్నదానానికి ఆకలే అర్హత అని పెద్దలు చెబుతూ వచ్చారు. భాగవతంలోని రంతిదేవుడు రోజుల తరబడి పస్తులుండి, చివరకు మిగిలిన గుక్కెడు నీళ్లను కూడా దప్పిగొన్న చండాలునికి ఇచ్చేశాడు. అతని నడవడి ఎటువంటిదని అడగలేదు.

అందుచేత పాత్రత అంటే ఎదుటివాడికి మనం ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. ఈ మనిషికి, ఈ చోట, ఈ వేళ, ఏది మేలు చేస్తుందో తెలుసుకుని ఇవ్వడమే దాని అర్థం. పరదేశంలో ఉన్నవారికి ఇది మూడు మెట్లుగా పనికివస్తుంది.

మొదటి మెట్టు చూడటం. ఇచ్చినా ఇవ్వకపోయినా ముఖం తిప్పుకోకూడదు. ‘ఈ రోజు ఇవ్వలేను, క్షమించండి’ అని కళ్లలోకి చూసి చెప్పే మాటకు ఖర్చు లేదు. రోజంతా జనం తనను దాటిపోతుంటే నిలబడినవాడికి ఆ పలకరింపు కూడా ఒక భిక్షే.

రెండవ మెట్టు తెలుసుకోవడం. అమెరికాలో చాలాచోట్ల 211 నంబరుకు ఫోన్ చేస్తే తలదాచుకునే చోటు, భోజనం, వైద్యం ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. ఇంగ్లండులో వీధిలో నిద్రిస్తున్నవారి సంగతి తెలిపేందుకు ‘స్ట్రీట్‌లింక్’ అనే సేవ ఉంది. తాము ఉంటున్న ఊళ్లో ఇటువంటివి ఏమున్నాయో వెళ్లిన నెలలోనే తెలుసుకోవడం మంచిది.

మూడవ మెట్టు ఇవ్వడం. నగదు ఇవ్వాలనుకుంటే ఆ చిన్న మొత్తాన్ని విడిగా జేబులో ఉంచుకోవాలి. ఒంటరిగా, చీకటివేళ పర్సు తెరవకూడదు. తినుబండారం ఇచ్చేముందు ఏం కావాలో అడగాలి. పళ్లు లేనివాడికి ఆపిల్ పండు, చలిలో వణుకుతున్నవాడికి చల్లని పానీయం ఇచ్చి పుణ్యం లెక్కవేసుకోవడం హాస్యాస్పదం. శీతదేశాల్లో ఒక జత కొత్త మేజోళ్లు ఎంతో విలువైన దానం. బిచ్చమెత్తే పసిపిల్లల చేతిలో మాత్రం డబ్బు పెట్టవద్దు. ఆ డబ్బు ఆ బిడ్డను రేపు కూడా వీధిలోనే ఉంచుతుంది. వీటన్నిటికంటే మేలైనది, జీతంలో కొంత ప్రతినెలా ఆ ఊరి అన్నశాలకు కేటాయించి, నెలకు ఒక్కపూటైనా స్వయంగా వెళ్లి వడ్డించడం. ఎక్కడి గురుద్వారాకు వెళ్లినా లంగరులో చేయి కలపవచ్చు. వడ్డించేవాడు ఎదుటివాడి ముఖం చూడక తప్పదు. వందోరోజు జబ్బుకు అదే మందు.

మన వీధిలో పరాయివాడు

దూరదేశంలోని బిడ్డకు చెప్పేముందు మన గడప కూడా చూసుకోవాలి. గుంటూరు నుంచి నంద్యాల వైపు సాగే రైలుమార్గం మీద ఉన్న ఊరు మనది. భాష తెలియని మనిషి ఎవరో రైలు దిగి, దిక్కుతోచక స్టేషను బయట కూర్చుంటాడు. ఒంటిమీద మురికి బట్ట, నోట మనకు తెలియని మాట. అక్కడ మన బిడ్డ ఎలా పరాయివాడో, ఇక్కడ ఇతడూ అలాగే పరాయివాడు. ఇతని కోసం ఏ ఊళ్లోనో ఒక తల్లి వెతుకుతూ ఉండవచ్చు. చేతిలో రూపాయి వేసి వెళ్లడంతో పని ముగియదు. పిల్లలైతే 1098కి, వృద్ధులైతే 14567కి, ఆపదలో ఎవరున్నా 112కి ఒక్క ఫోన్ చేస్తే ఆ రూపాయికి అందని మేలు జరగవచ్చు.

కుచేలుడు ద్వారకకు వెళ్లి నోరు తెరిచి ఏమీ అడగలేదు. శ్రీకృష్ణుడు అడిగేదాకా ఆగనూలేదు. అన్నపూర్ణ కూడా వ్యాసుడు శాంతించాకే పెడతానని అనలేదు. ఆకలి చల్లారితే కోపం చల్లారుతుందని ఆ తల్లికి తెలుసు. వారిద్దరూ ముందుగా చేసింది ఒక్కటే, ఎదుటి మనిషిని చూశారు.

ఈ ఆదివారం మీ అబ్బాయో, అమ్మాయో విదేశం నుంచి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం, జీతం, వంట గురించి అడుగుతారు. వాటితోపాటు ఇంకొక్క ప్రశ్న అడగండి. ‘మీ వీధి మలుపులో రోజూ కూర్చునే ఆ మనిషి ఎలా ఉన్నాడు?’ అనండి. జవాబు వెంటనే రాకపోయినా ఫరవాలేదు. మరునాడు ఆ దారిన వెళ్లేటప్పుడు వారి చూపు ఒక్కక్షణం అటు తిరిగితే చాలు.