కారు ముందు టైర్లు గుండు.. వెనకవి కొత్తవి! మార్చేటప్పుడు చాలామంది చేసే తప్పు ఇదే

కారు కొని మూడేళ్లు కూడా కాలేదు.. ముందు టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. వెనక చూస్తే నిన్న షోరూమ్ నుంచి తెచ్చినట్టే ఉన్నాయి. చాలా ఇళ్లలో ఇదే సీన్. తప్పు టైర్ కంపెనీది కాదు. వాటిని ఒక్కసారి కూడా స్థానం మార్చకపోవడమే అసలు కారణం.

స్విఫ్ట్, ఐ20, నెక్సాన్ లాంటి కార్లలో ఇంజిన్ బరువు ముందే ఉంటుంది. బండిని లాగేది ముందు చక్రాలే, తిరిగేదీ అవే. బ్రేక్ వేస్తే బరువంతా వాటి మీదే పడుతుంది. ఇక అవి త్వరగా అరగకుండా ఎలా ఉంటాయి? అందుకే దాదాపు 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి టైర్లు మార్చుకోవాలి. మీ కారు మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే ఫాలో అవ్వండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడే అడిగి చేయించుకుంటే వేరే తిరుగుడు ఉండదు.

అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేసేస్తే పని అయిపోయినట్టు కాదు. ముందు చక్రాలతో నడిచే కారుకి ముందు టైర్లను అదే వైపు నేరుగా వెనక్కి పంపాలి. వెనక ఎడమది ముందు కుడికి, వెనక కుడిది ముందు ఎడమకి రావాలి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకి ఇది రివర్స్. వెనకవి నేరుగా ముందుకి, ముందువి అడ్డంగా మారి వెనక్కి వెళ్తాయి. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం అయితే దాన్నీ ఈ వరసలో కలుపుకోవచ్చు. చిన్న సైజు స్టెప్నీ అయితే దాని జోలికి వెళ్లకండి, అది అత్యవసరానికి మాత్రమే.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. టైర్ పక్క గోడ మీద బాణం గుర్తు ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆ టైర్ ఒకే దిశలో తిరగాలి. దాన్ని అటువైపుకి మారిస్తే గాడులు వానలో నీళ్లను సరిగా బయటికి నెట్టలేవు, బండి జారే ప్రమాదం ఉంటుంది. అలాంటి టైర్లను అదే వైపు ముందుకీ వెనక్కీ మాత్రమే మార్చాలి. ముందు, వెనక సైజులు వేరైతే అసలు ఈ మార్పిడే వద్దు.

ఇంట్లోనే చేసుకుంటామనే వాళ్లూ ఉన్నారు. ఒక్క జాకీ, స్టెప్నీ సాయంతో ఒక్కో చక్రం మార్చుకుంటూ వెళ్లొచ్చు గానీ ఓపిక కావాలి. బండి సమతలం మీద ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి, నేల మీదున్న చక్రాలకి అడ్డుగా రాయి పెట్టాలి. జాకీ ఎత్తకముందే నట్లు కొద్దిగా వదులు చేయండి. జాకీ మీదున్న బండి కిందకి చెయ్యి, కాలు కూడా పెట్టొద్దు! బిగించేటప్పుడు పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురువి బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చెక్ చేయించాలి. గాలి విషయం కూడా మర్చిపోవద్దు. కొన్ని కార్లకి ముందు, వెనక ప్రెషర్ వేరు. డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్ చూసి కొట్టించండి.

టైర్ ఒక పక్కే అరిగితే? అది అలైన్‌మెంట్ సమస్య. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. వీటిని సరిచేయకుండా టైర్లు మారిస్తే ఆ అరుగుదల నాలుగింటికీ పాకుతుంది, అంతే. గాడుల మధ్య చిన్న దిమ్మెల్లాంటి గుర్తులు టైర్ ఉపరితలంతో సమానమయ్యాయంటే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేసినట్టు. అప్పుడిక మార్పిడి కాదు, కొత్త టైర్లే.

రెండే కొత్తవి కొంటున్నారా? చాలామంది ముందు వేయమంటారు. నిజానికి వెనక వేయడమే సేఫ్. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే యాక్సిలరేటర్ వదిలి కొంతవరకు కంట్రోల్ చేయొచ్చు.. వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది.