విమానానికి బ్యాటరీ ఎందుకు?

మన కాలేజీలో బి.ఎస్సీ. చదివే రోజుల్లో ఫిజిక్స్ లాబ్‌లో పొటెన్షియోమీటరుతో ఘటం అంతర్నిరోధం కనుక్కునే ప్రయోగం చేశాను. చేశాను అనడం కన్నా, పక్క బల్ల మీది మిత్రుడి రీడింగులు చూసి రికార్డు నింపి, సంతకం పెట్టించుకున్నాను అనడం నిజం. ఆ అంతర్నిరోధం అంటే ఏమిటో నాకు అర్థమైంది కొన్నేళ్ళ తర్వాత, ఒక ఫ్లయింగ్ క్లబ్బు హాంగరులో. ఆ సంగతే ఈ సంచికలో మనవి చేస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న. ఎగురుతున్న చిన్న విమానంలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంజను ఆగిపోతుందా? ఆగదు. శిక్షణకు వాడే సెస్నా 152 వంటి విమానంలో స్పార్క్ ప్లగ్గులకు కరెంటునిచ్చేవి రెండు మాగ్నెటోలు. ఇంజను తిరుగుతున్నంతసేపూ అవి తమ కరెంటు తామే పుట్టించుకుంటాయి. మరి బ్యాటరీ ఎందుకు? రెండు పనులకు. ఒకటి, స్టార్టరు తిప్పడానికి. రెండు, గాలిలో ఆల్టర్నేటరు చెడిపోతే రేడియో, ట్రాన్స్‌పాండరు, పెట్రోలు గేజీలు, దీపాలు, ఫ్లాపుల మోటారు కొంతసేపైనా నడపడానికి. మొదటి పని అందరికీ కనిపిస్తుంది. రెండోది అవసరం పడేదాకా కనిపించదు. చిక్కంతా అక్కడే.

నేను ట్రైనీగా చేరిన కొత్తలో, ఒక వానాకాలం ఉదయం, ఒక కుర్రాడు ఒంటరిగా క్రాస్‌కంట్రీకి బయలుదేరాడు. తాళం తిప్పితే ప్రొపెల్లరు అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మీటరు పెట్టి చూశాను. 25 వోల్టులు! 24 వోల్టుల బ్యాటరీకి ఇంకేం కావాలి? బయటి బ్యాటరీ బండి తగిలించి స్టార్ట్ చేయించాను. ఇంజను అందుకుంది. నా మొహం వెలిగిపోయింది.

ఇంతలో మా సీనియర్ ఇంజనీరు గారు వచ్చి ఇంజను ఆపించేశారు. “ఏమయ్యా, నీ బండి ఇంజన్ని తిప్పింది గాని బ్యాటరీని బాగుచేసిందా? పైన ఆల్టర్నేటరు పోతే ఆ పిల్లాడికి నీ బండి ఎవరు మోసుకెళ్తారు?” అన్నారు. నేను మాట్లాడలేదు.

బ్యాటరీ విప్పి, నిండా చార్జి చేసి, కెపాసిటీ పరీక్ష పెట్టాం. తయారీదారు చెప్పిన కరెంటును ఆగకుండా లాగుతూ, వోల్టేజి 20కి దిగడానికి ఎంతసేపు పడుతుందో గడియారంలో చూడాలి. మా బ్యాటరీ గంటసేపు నిలవాలి. అందులో 80 శాతం, అంటే 48 నిమిషాలు వచ్చినా పాసే. మాది 26 నిమిషాలకే దిగిపోయింది!

మరి ఆ 25 వోల్టుల మాట? పలకల మీద సల్ఫేటు పేరుకున్నకొద్దీ అంతర్నిరోధం పెరుగుతుంది. కరెంటు అడగనంతసేపూ వోల్టేజి నిలబడే ఉంటుంది. అంతర్నిరోధం ఓములో పదోవంతు అనుకోండి. స్టార్టరు 100 ఆంపియర్లు అడిగితే 10 వోల్టులు బ్యాటరీ లోపలే ఖర్చయిపోతాయి. నేను కాపీ కొట్టిన రికార్డులో ఉన్నది సరిగ్గా ఇదే.

లోపం వెతకడానికి ఒక వరుస ఉంది. మాస్టర్ స్విచ్ వేస్తే కాంటాక్టరు ‘టక్’మనాలి. అనకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందో, లేక స్విచ్, తీగ, కాంటాక్టరు చుట్టలో లోపముందో చూడాలి. ‘టక్’మన్నా స్టార్టరు ఈడ్చుకుంటూ తిరిగితే, అది తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర వోల్టేజి కొలవాలి. ప్రొపెల్లరుకు ఎవరూ దగ్గరగా ఉండకూడదు సుమా! అక్కడే వోల్టేజి కుప్పకూలితే దోషం బ్యాటరీది. అక్కడ బాగానే ఉండి స్టార్టరు దగ్గర తగ్గితే దోషం కేబుల్లోనో, కాంటాక్టరులోనో, తుప్పుపట్టిన ఎర్తు పట్టీలోనో ఉంది. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొంటే డబ్బు దండగ.

ఇక పోషణ. సెస్నా 152లో బ్యాటరీ ఇంజను గదిలోనే, ఫైర్‌వాల్ మీద ఉంటుంది. ఇంజను వేడికి మన ఎండలు తోడైతే నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్‌తో నింపకూడదు, కుళాయి నీళ్ళు అసలు వద్దు. హైడ్రోమీటరుతో 12 ఘటాలూ విడివిడిగా చూడాలి. నిండుగా చార్జి అయినదానికి సుమారు 1.28 వస్తుంది. ఒక ఘటం మాత్రం బాగా వెనకబడితే అది జబ్బుపడినట్టే. మూత విప్పనవసరం లేని సీల్డ్ బ్యాటరీలకు ఈ సౌకర్యం లేదు కనుక వాటికి కెపాసిటీ పరీక్షే దిక్కు. యాసిడ్ ఒలికితే వంటసోడా నీళ్ళతో కడగాలి, ఆ నీళ్ళు ఘటాల్లో పడకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. లేకపోతే పాజిటివ్ మీది స్పానరు విమానం ఒంటికి తగిలి నిప్పులు కురుస్తాయి. అన్నిటికీ ఆ విమానం మాన్యువలే ప్రమాణం.

కొత్త బ్యాటరీ వచ్చాక ఆ కుర్రాడు వెళ్ళాడు, క్షేమంగా తిరిగి వచ్చాడు. దారిలో ఆల్టర్నేటరు చెడిపోలేదు. అయినా సంతకం పెట్టినవాడికి ఆ రాత్రి నిద్రపట్టాలి కదా!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ఏడు ఆ ప్రయోగం మీ వంతు వచ్చినప్పుడు పక్క బల్ల వైపు చూడకండి. ఆ రీడింగులు మీ చేత్తో తీసినవే అయి ఉండాలని నా మనవి.