ఓడిన జట్టు కోలుకొన్న విధము

2021వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీ రాత్రి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మెంఫిస్ నగరమున ఒక బాస్కెట్‌బాల్ పోటీ జరిగెను. ఆ నగరపు జట్టు 152 పాయింట్లు సంపాదించెను. ఎదిరి జట్టగు ఓక్లహోమా సిటీ థండర్ 79 పాయింట్లు మాత్రమే తెచ్చుకొనగలిగెను. తేడా 73 పాయింట్లు. అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘము, అనగా ఎన్.బి.ఏ., 1946లో పుట్టినది మొదలు ఆనాటి వఱకు ఏ జట్టును అంత పెద్ద తేడాతో ఓడియుండలేదు. అంతకు ఏడు నెలల ముందు ఇండియానా జట్టు ఓక్లహోమా సిటీకి వచ్చి, థండర్ జట్టును దాని సొంత మైదానముననే 152–95 పాయింట్లతో ఓడించి పోయియుండెను.

మూడున్నర సంవత్సరములు గడచినవి. 2025 జూన్ 22వ తేదీని ఓక్లహోమా సిటీలోనే థండర్ జట్టు ఆ ఇండియానా జట్టునే 103–91 పాయింట్లతో ఓడించి ఎన్.బి.ఏ. విజేతగా నిలిచెను. నవ్వులపాలైన జట్టు ఇంత స్వల్పకాలములో అగ్రస్థానము నెట్లు చేరగలిగెను? అదృష్టమా? ధనబలమా? లేక మఱియొకటి యేదైన కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకు ముందుగా ఆ ఆట యొక్క స్వభావమును, ఆ సంఘము యొక్క నియమములను కొంత తెలిసికొనవలెను.

బాస్కెట్‌బాల్ ఆటను 1891లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కనిపెట్టెను. చలికాలమున బయట ఆడుటకు వీలులేని విద్యార్థుల కొఱకు ఆయన పీచు పండ్ల బుట్టలను రెండింటిని ఎత్తున తగిలించి, వానిలో బంతిని వేయు ఆటను నేర్పెను. ఇప్పుడు బుట్టకు బదులు ఇనుప వలయము, దానికి వ్రేలాడు వల ఉండును. వలయము నేలకు 10 అడుగుల ఎత్తున నుండును. ఒక్కొక్క పక్షమున ఒకేసారి ఐదుగురు మాత్రమే ఆడుదురు. పదునొకండుగురు ఆడు క్రికెట్టులో ఒకడు విఫలుడైనను తక్కిన పదుగురు ఆదుకొనవచ్చును. ఐదుగురే ఆడు చోట నిజముగా ప్రతిభావంతుడగు ఆటగాడు ఒక్కడు వచ్చి చేరినను జట్టు స్వరూపమే మాఱిపోవును. కనుకనే అట్టి యువకుని కొఱకు జట్లన్నియు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచుచుండును.

ఎన్.బి.ఏ.లో 30 జట్లు కలవు. కళాశాలలలోను, విదేశములలోను పేరు తెచ్చుకొన్న యువకులను ధనము గల మహానగరముల జట్లే కొనివేసినచో చిన్న నగరముల జట్లు ఎన్నడును తలయెత్తజాలవు. పోటీలో రుచియుండదు. ఈ అసమానతను తగ్గించుటకై ఏర్పడినదే డ్రాఫ్టు అను పద్ధతి. ఇది 1947లో ఆరంభమైనది. ఏటేట వేసవిలో జట్లు వంతులవారిగా కొత్త ఆటగాండ్రను ఎంచుకొనును. గడచిన సంవత్సరము బాగుగా ఆడలేకపోయిన జట్లకు ముందు వంతులు, విజయము సాధించిన జట్లకు వెనుక వంతులు లభించును. వరుసలు రెండు. జట్టునకు వరుస కొక్క వంతు చొప్పున మొత్తము అఱువది వంతులు. విందులో ఆకలిగొన్న వానికి ముందు వడ్డించుట వంటిది ఈ న్యాయము.

ఈ వంతును జట్టు తానే వాడుకొననక్కఱలేదు. ఒక ఆటగానిని పుచ్చుకొని, అతనికి బదులుగా రాబోవు సంవత్సరపు వంతును మఱియొక జట్టున కీయవచ్చును. నేడు ఫలము కోరు జట్టు రేపటి వంతులను ఇచ్చివేయును. రేపటి ఫలము కోరు జట్టు వానిని కూడబెట్టుకొనును.

న్యాయము కొఱకు ఏర్పడిన నియమములో ఒక అన్యాయమునకు కూడ చోటు దొరకెను. ఓడినచో ముందు వంతు లభించునని తెలిసిన పిమ్మట కొన్ని జట్లు ఓటమిని కోరుకొనసాగెను. దీనిని అరికట్టుటకై 1985లో లాటరీ పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇది లెక్కలు నేర్చు విద్యార్థులకు ముచ్చట గొలుపును. 1 మొదలు 14 వఱకు అంకెలు వేసిన పదునాలుగు బంతులను ఒక యంత్రములో వేసి నాలుగింటిని తీయుదురు. పదునాలుగింటిలో నాలుగింటిని 1001 విధములుగా కూర్పవచ్చును. అందొకటి విడిచి, తక్కిన వేయి కూర్పులను జట్లకు పంచుదురు. 2019 నుండి అమలులోనికి వచ్చిన నియమము ననుసరించి అట్టడుగున నున్న మూడు జట్లకును సమానముగా 140 కూర్పులు చొప్పున లభించెను. అంతకు మునుపు కడపటి జట్టునకు 250 కూర్పులుండెడివి. కావున అందఱి కంటె హీనముగా ఓడుటవలన కలుగు లాభము తగ్గెను.

ఇక థండర్ జట్టు కథకు వత్తము. ఈ జట్టు మొదట సియాటిల్ నగరమున నుండి, 2008లో ఓక్లహోమా సిటీకి తరలివచ్చెను. ఈ నగర జనసంఖ్య సుమారు ఏడు లక్షలు. పేరుపొందిన క్రీడాకారులు కోరి వచ్చి చేరు మహానగరము కాదు. అయినను డ్రాఫ్టులో లభించిన కెవిన్ డ్యురాంట్, రసెల్ వెస్ట్‌బ్రుక్, జేమ్స్ హార్డెన్ అను యువకుల బలముతో 2012లో తుది పోటీ వఱకు పోయి, మయామీ జట్టు చేతిలో ఓడెను. ఆ శరత్కాలముననే హార్డెను హ్యూస్టన్ జట్టునకు పంపబడెను. 2016లో డ్యురాంట్ తానై వెడలిపోయెను. 2019 నాటికి ఆ తరము ముగిసెను.

జట్టు వ్యవహారములను చూచు శామ్ ప్రెస్టీ అప్పుడొక కఠిన నిర్ణయము చేసెను. పేరుమోసిన పాల్ జార్జిని లాస్ ఏంజెలెస్‌లోని క్లిప్పర్స్ జట్టున కిచ్చి, బదులుగా మొదటి వరుస వంతులు ఐదింటిని, షే గిల్జియస్-అలెగ్జాండర్ అను కెనడా యువకుని తెచ్చుకొనెను. ఆ యువకునకు అప్పుడు వయస్సు ఇరువది సంవత్సరములు. పిమ్మట వెస్ట్‌బ్రుక్‌ను కూడ పంపివేసి మఱికొన్ని వంతులు సంపాదించెను.

ఇది గింజలు కొని గాదెలో పోసికొనుట వంటిది. గాదెలో నున్న విత్తనము పంట కాదు. దున్నవలెను, విత్తవలెను, కలుపు తీయవలెను, వాన కొఱకు వేచియుండవలెను. 2020–21లో థండర్ జట్టు 72 పోటీలలో 22 మాత్రమే గెలిచెను. మఱుసటి సంవత్సరము 82 పోటీలలో 24 గెలిచెను. ఈ రెండేండ్లలో జట్టుపై నింద కూడ వచ్చెను. అనుభవశాలియగు ఆటగానిని ఆరోగ్యముగా నున్నను 2021 మార్చి తరువాత ఆడింపక కూర్చుండబెట్టుట పలువురికి నచ్చలేదు. గెలుపు చూడవలెనని పైకము చెల్లించి వచ్చిన ప్రేక్షకునకు రేపటి లాభము చెప్పి నేటి ఆటను తగ్గించుట న్యాయమా యను ప్రశ్న ఉచితమైనదే.

లాటరీ కూడ అన్ని వేళల కలిసిరాలేదు. 2021లో జట్టునకు లభించినది ఆఱవ వంతు మాత్రమే. 2022లో అదృష్టము పండి రెండవ వంతు లభించెను. దానితో ఏడడుగుల పొడవు గల చెట్ హోమ్‌గ్రెన్‌ను తీసికొనిరి. కాని ఆ ఆగస్టులోనే అతని పాదమునకు దెబ్బ తగిలి సంవత్సరమంతయు ఆడలేకపోయెను. ఆ డ్రాఫ్టులోనే క్లిప్పర్స్ జట్టు నుండి వచ్చిన పండ్రెండవ వంతుతో శాంటా క్లారా అను చిన్న విశ్వవిద్యాలయమునుండి జేలెన్ విలియమ్స్‌ను ఎంచుకొనిరి. మూడేండ్ల పిమ్మట తుది పోటీల ఐదవ ఆటలో 40 పాయింట్లు చేసినవాడు ఇతడే.

వంతుల వలన యువకులు వచ్చిరి. వారిని ఆటగాండ్రుగా తీర్చినది శిక్షణ. 2020 నవంబరులో శిక్షకుడుగా నియమింపబడిన మార్క్ డేగ్నాల్ట్ అంతకు ముందు ఐదేండ్లు ఈ జట్టునకు అనుబంధమైన చిన్న జట్టును నడపినవాడు. గొప్ప పేరు లేనివారికి నేర్పుటయే ఆయన అభ్యాసము. 2022లో బంతి విసరుటలోని మెలకువలను నేర్పుటకు ప్రసిద్ధుడగు చిప్ ఎంగెలండ్‌ను కూడ రప్పించిరి. ఓటమి వచ్చిన మఱునాడు యువకులను బెంచీపై కూర్చుండబెట్టక మరల మైదానమునకే పంపిరి. తప్పు చేయుటకును, దానిని దిద్దుకొనుటకును వారికి వ్యవధి దొరకెను.

ఇందులకు లూగెంట్జ్ డార్ట్ కథయే నిదర్శనము. 2019 డ్రాఫ్టులో అఱువది పేర్లు చదువబడినవి. వానిలో అతని పేరు లేదు. థండర్ జట్టు అతనిని చిన్న ఒప్పందముతో చేర్చుకొని, చిన్న జట్టులో తరిఫీదు నిచ్చెను. 73 పాయింట్ల తేడాతో ఓడిన రాత్రి మైదానమున అతడుండెను. 2025లో ఎన్.బి.ఏ. యందలి ఉత్తమ రక్షకులైన ఐదుగురిలో ఒకడుగా ఎన్నికయ్యెను. ఆరన్ విగ్గిన్స్ అను మఱియొకడు ఏబదియైదవ వంతున వచ్చినవాడు. ఐసయా జోను వేఱొక జట్టు 2022లో వదలివేయగా థండర్ జట్టు చేరదీసెను.

ఆ వదలివేసిన జట్టు ఫిలడెల్ఫియాది. దాని కథ కూడ ఇచట తెలిసికొనదగినది. 2013 మొదలుకొని ఆ జట్టు నిర్వాహకులు ముందు వంతుల కొఱకే సంవత్సరముల తరబడి ఓటమిని సహించిరి. 2015–16లో 82 పోటీలలో 10 మాత్రమే గెలిచిరి. 2016లోను, 2017లోను మొట్టమొదటి వంతు వారికే లభించెను. ఆ విధముగా వచ్చినవారిలో జోయెల్ ఎంబీడ్ వంటి మేటి ఆటగాడు కూడ కలడు. అయినను 2025 వఱకు ఆ జట్టు తుది పోటీకి చేరలేదు. మొదటి వంతులు రెండింటితో వచ్చిన ఇరువురును వేఱు జట్లకు పోయిరి. ముందు వంతు దొరకుట వేఱు, జట్టు కుదురుట వేఱు.

థండర్ జట్టు మెట్టు మెట్టుగా పైకి వచ్చెను. 2022–23లో 40 గెలుపులు, 2023–24లో 57 గెలుపులు. ఆ సంవత్సరము తన విభాగమున ప్రథమస్థానము పొందియు డల్లాస్ జట్టు చేతిలో ఓడిపోయెను. అప్పుడు నిర్వాహకులు యువబలము చాలునని మురిసిపోలేదు. లోపమేదో గుర్తించిరి. డ్రాఫ్టులో ఆఱవ వంతున తెచ్చుకొన్న యువకునే పంపి, రక్షణయందు ఆఱితేఱిన అలెక్స్ కరూసోను తెచ్చుకొనిరి. వలయము వద్ద బంతిని ఒడిసిపట్టగల ఐసయా హార్టెన్‌స్టైన్‌ను చేర్చుకొనిరి. పడుచువాండ్ర నడుమ పెద్దల అనుభవము చేరెను.

2024–25లో ఆ జట్టు 82 పోటీలలో 68 గెలిచెను. తరువాత జరిగిన మేటి జట్ల పోటీలలో మొదట ఎదురైనది మెంఫిస్ జట్టే. థండర్ 131–80 పాయింట్లతో మొదటి ఆట గెలిచి, వరుసగా నాలుగాటలలో దానిని ఓడించెను. కడపట ఇండియానాతో ఏడాటల వఱకు పోరు సాగెను. ఏడవ ఆటలో గిల్జియస్-అలెగ్జాండర్ 29 పాయింట్లు చేసెను. హోమ్‌గ్రెన్ ప్రత్యర్థుల బంతులను ఐదుమాఱులు అడ్డగించెను. దెబ్బతిని సంవత్సరమంతయు కూర్చున్న యువకుడితడే.

ఈ వృత్తాంతమున అదృష్టమునకు పాలు లేదని చెప్పరాదు. రెండవ వంతు లభించుట అదృష్టమే. కాని పండ్రెండవ వంతున వచ్చినవానిని, ఏబదియైదవ వంతున వచ్చినవానిని, వంతే లేక వచ్చినవానిని కూడ సమానముగా సాకి పెంచుట అదృష్టము కాదు. నియమము బలహీనునకు అవకాశము నీయగలదు, ఆ పైని పని మనుష్యులది. 152–79 అను అంకెలు చూచి ఆ పిల్లవాండ్రు పనికిరారని ఆనాడే నిశ్చయించియున్నచో, 2025 జూన్ 22వ తేదీని ఓక్లహోమా సిటీలో జయధ్వానములు వినబడకుండెడివి. పాఠశాల పరీక్షలో ఒకమాఱు తక్కువ మార్కులు వచ్చిన బాలుని గూర్చి తీర్పు చెప్పబోవువారు, ఆ బాలుడు తానే యైనను, డార్ట్ కథను ఒకమాఱు తలచుకొనుట మంచిది.