గోడకు అవతలివాడే మన పొరుగువాడు

పొరుగువాణ్ని ప్రేమించాలని ఆదివారం ప్రసంగించడం తేలిక. అదే పొరుగువాడి కుక్క రాత్రి రెండింటికి మొరుగుతూ ఉంటే ఆ ప్రసంగాన్ని పాటించడం ఎంత కష్టమో నాకు ఏలూరులో తెలిసింది.

2007 వేసవి అది. ఏలూరులో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాను. చర్చికి ఆనుకునే మా అద్దె ఇల్లు. పక్కింట్లోకి కొల్లేరు లంక గ్రామం నుంచి ఒక కుటుంబం వచ్చి చేరింది. అరవై దాటిన పెద్దాయన, ఆయన భార్య, పదేళ్ల మనవడు, ఒక నాటు కుక్క. దాన్ని వేపచెట్టుకు గజంన్నర గొలుసుతో కట్టేసేవారు. రాత్రి పది దాటితే మొదలు. సైకిల్ వెళ్తే మొరుగుడు, పిల్లి దూకితే మొరుగుడు, గాలికి కొబ్బరి మట్ట రాలితే మొరుగుడు. తెల్లవారుజామున నాలుగింటికి అలిసిపోయి పడుకునేది. అప్పుడు నేను లేచి ప్రార్థనకు వెళ్లాలి!

అప్పటికి మా పాపకు మూడు నెలలు. ఉలిక్కిపడి లేచి ఏడిస్తే మళ్లీ నిద్రపుచ్చడానికి గంట పట్టేది. నా భార్య కళ్ల కింద నల్లటి చారలొచ్చాయి. నేనేం చేశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంటి ఓనరుకు చెప్పాను. సంఘ పెద్దలకు చెప్పాను. కిరాణా కొట్టు ఆయనకు చెప్పాను. ప్రార్థనలో దేవునికీ చెప్పాను. చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. గోడ మీదుగా ఆయన పలకరించినా తల ఊపి లోపలికి వెళ్లిపోయేవాణ్ని.

ఒక సాయంత్రం మా సంఘస్తుడొకాయన నా అవస్థ చూసి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: ‘‘అయ్యగారూ, మీరేం కంగారుపడకండి. బన్నులో చిన్న మందు పెట్టి గోడ మీంచి వేస్తే సరి. తెల్లారేసరికి గొడవ వదిలిపోద్ది.’’ నేను వెంటనే ‘తప్పు’ అనలేదు. రెండు మూడు క్షణాలు మౌనంగా ఉండిపోయాను. ఆ తర్వాత వద్దన్నాను గానీ, ఆ రాత్రి కుక్క మొరుగుడు కన్నా నా మౌనమే నన్ను ఎక్కువగా నిద్రపోనివ్వలేదు. ప్రాణం తీయడానికి నా మనసు క్షణమైనా ఒప్పుకుంది కదా!

లేచి పరిశుద్ధ గ్రంథం తెరిచాను. పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయం 18వ వచనంలో ఉందని మనందరికీ తెలుసు. దానికి ముందున్న 17వ వచనాన్ని మాత్రం మనం దాటేస్తుంటాం. సహోదరుని మీద పగను హృదయంలో దాచుకోవద్దని, పొరుగువాని తప్పును అతనికే చెప్పాలని అక్కడ ఉంది. అంటే ప్రేమించడమంటే నోరు మూసుకుని సహించడం కాదు. లోపల పగ పెంచుకోకుండా వెళ్లి మాట్లాడడం. యేసు ప్రభువు కూడా మత్తయి 18లో అదే క్రమం పెట్టాడు. తప్పు జరిగితే ముందు అతనూ నువ్వూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, ఆ తర్వాతే నలుగురిలోకి. నేను ఆ క్రమాన్ని తలకిందులు చేశాను. ముందు నలుగురిలోకి తీసుకెళ్లాను, మనిషి దగ్గరికి అసలు వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్లాను. ‘‘బాబాయిగారూ, కాస్త మాట్లాడాలండీ’’ అన్నాను. ఆయన మంచం మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టి, ‘‘కుక్క గురించేగా పాస్టరుగారూ? మీరెప్పుడొస్తారా అని చూస్తున్నానండి. పసిబిడ్డ ఏడుపు మాకూ వినబడుతుంది’’ అన్నాడు. ఆ మాటతో నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

అప్పుడు చెప్పాడాయన. అది చేపల చెరువు గట్టు మీద పుట్టి పెరిగిన కుక్క. బొచ్చెలు, శీలావతులు పెంచే చెరువుల మీద రాత్రి దొంగలొచ్చినా, పక్షులు వాలినా మొరిగి లేపడమే దాని పని. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టించింది. సరస్సు బతకాలంటే అది అవసరమే కావచ్చు. కాని ఆ గట్ల మీద కూలికి కాపలా ఉన్న ఈయనకు పాకా పోయింది, పనీ పోయింది. ‘‘మేం టౌనుకొచ్చి పడ్డాం. నాకు పని లేదు. దానికీ పని లేదండి. కాని దానికా సంగతి తెలీదు. ఇంకా కాపలా కాస్తున్నాననే అనుకుంటుంది’’ అన్నాడు. కుక్క పేరు రాజు. ఎనిమిది నెలలుగా దాన్ని తిట్టుకున్నాను గానీ దానికో పేరుందని నాకు తట్టనే లేదు.

లేచి రాబోతుంటే ఆయన కాస్త మొహమాటపడుతూ అన్నాడు: ‘‘ఏమనుకోకండి. మీ గుడి మీద మైకు నాలుగున్నరకే పెడతారు కదండీ. మా ఆవిడకు గుండెదడ. ఆ చప్పుడుకి లేచి కూర్చుంటుంది. దేవుడి పని కదా అని మేం ఎవరికీ చెప్పలేదు.’’

ఎవరికీ చెప్పలేదు! నేను ఊరంతా చెప్పుకున్నాను. సహోదరుని కంట్లో నలుసును వెతుకుతూ తన కంట్లో దూలాన్ని మరిచినవాడి గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో. మా దూలం చర్చి కప్పు మీద హారన్ రూపంలో ఊరందరికీ కనబడుతూనే ఉంది. తెల్లవారకముందే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ని దీవించేవాడి దీవెన శాపంగానే లెక్కకొస్తుందని సామెతలు 27:14 హెచ్చరిస్తోంది. చట్టమూ అదే చెబుతోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటికి వినబడేలా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రివేళ శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. చెన్నైలోని ఒక చర్చి మీద కాలనీవాసుల సంఘం వేసిన కేసులో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. ఆ తీర్పు నాకు తెలుసు. అయినా మా మైకు మోగుతూనే ఉండేది.

ఆ ఆదివారమే సంఘంలో అంతా చెప్పి క్షమాపణ అడిగాను. కొందరు పెద్దలు గొణిగినా హారన్ దించేశాం. పక్కింట్లో బాబాయిగారు రాజు కట్టును వీధి గేటు దగ్గర నుంచి పెరట్లోకి మార్చారు. దారిన పోయేవాళ్లు కనబడకపోవడంతో సగం మొరుగుడు తగ్గింది. గొలుసు తీసి పొడవాటి తాడు కట్టారు. మనవడు ఉదయం, సాయంత్రం తమ్మిలేరు గట్టు మీద దాన్ని పరుగెత్తించేవాడు. రాత్రిపూట వరండాలో మనుషుల దగ్గర పడుకోబెట్టారు. పూర్తిగా ఆగిందా అంటే, లేదు. కొన్ని రాత్రులు మొరిగేది. కాని ‘రాజు ఏదో చూసినట్టున్నాడు’ అనుకుని నా భార్య అటు తిరిగి పడుకునేది. పేరు తెలిసిన కుక్క మొరుగుడు అంత కఠోరంగా ఉండదు.

అందరు పొరుగువాళ్లూ ఈ బాబాయిగారిలా ఉండరన్నది నిజమే. కొందరు ‘నా ఇల్లు, నా కుక్క’ అంటారు. అప్పుడు ఇరువురికీ కావలసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. ఏ రోజు ఏ వేళ ఎంతసేపు మొరిగిందో రాసి పెట్టుకోండి. కోపంతో చెప్పే ‘ఎప్పుడూ’ కన్నా కాగితం మీది వేళలు నమ్మకంగా ఉంటాయి. అప్పటికీ వినకపోతే మున్సిపాలిటీ ఉంది, న్యాయసేవాధికార సంస్థ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు. చట్టాన్ని ఆశ్రయించడం విశ్వాసలోపమేమీ కాదు, కాని అది చివరి మెట్టు. విషం మాత్రం ఏ మెట్టూ కాదు. జంతువును చంపడం, అంగహీనం చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. కుక్కను పెంచేవాళ్లూ వినాలి. ఎప్పుడూ కట్టేసి ఉంచి తగిన వ్యాయామం లేకుండా చేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద తప్పు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని లెక్కచేస్తాడని సామెతలు 12:10 ఏనాడో చెప్పింది.

శక్యమైనంత వరకు, మన చేతిలో ఉన్నంత వరకు అందరితో సమాధానంగా ఉండమంటాడు పౌలు రోమా 12లో. అవతలివాడి వంతు మన చేతిలో లేదు. మన వంతు మాత్రం ఉంది. అది చాలాసార్లు పది అడుగులు నడిచి పక్కింటి గేటు తట్టడమంత చిన్నది.

బాబాయిగారు మా చర్చికి ఎన్నడూ రాలేదు. అందుకోసం నేను హారన్ దించలేదు కూడా. నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయిన రోజు మాత్రం స్టేషన్‌కు వచ్చారు, చేతిలో ఎండుచేపల పొట్లంతో. రైలు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి ‘‘అక్కడ మంచి పొరుగు దొరకాలండి మీకు’’ అన్నారు.

ఆ దీవెన విన్నాక నాకు ప్రార్థన మారింది. ‘ప్రభువా, మంచి పొరుగువాణ్ని ఇవ్వు’ అని ఇప్పుడు అడగను. ‘నా పక్కింటివాడికి నన్ను మంచి పొరుగువాడిగా చెయ్యి’ అని అడుగుతాను. మీ గోడకు అవతల ఎవరున్నారు? వారి పేరు మీకు తెలుసా?