చంటిబిడ్డ నిద్రపోయిన తరువాత

మన సంఘాలలో వ్రాయగల సహోదరీలు చాలామంది ఉన్నారు. పిల్లల నోటుపుస్తకాల వెనుక పేజీలలో పాటో, కథో, ఊరిలో కన్న అన్యాయమో వ్రాసి బియ్యపు డబ్బా ప్రక్కన దాచుకుంటారు. "ఇంత సంసారం పెట్టుకొని నీకు వ్రాతలెందుకమ్మా?" అని ఇంటివారే అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా మాకు అమెరికా దేశపు ఒక బోధకుని కుమార్తె జ్ఞాపకం వస్తుంది.

హ్యారియెట్ బీచర్ 1811లో జన్మించింది. 1836లో సిన్సినాటి పట్టణంలో వేదాంత కళాశాల ఉపాధ్యాయుడైన కాల్విన్ స్టోవ్‌ను వివాహమాడింది. ఆ సంవత్సరమే కవల ఆడపిల్లలు పుట్టారు. మొత్తం ఏడుగురు బిడ్డలు. వేదాంత ఉపాధ్యాయుని జీతం ఎంతో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు! పత్రికలకు చిన్న కథలు పంపి, ఆ డబ్బుతో ఇంటిపనికి మనిషిని పెట్టుకొనేది. నేను వ్రాయాలంటే నాకంటూ ఒక గది ఉండాలని భర్తకు ఉత్తరం వ్రాసింది. నీవు రచయిత్రివి కావలసిందేనని ఆయన 1842లో ప్రోత్సహించాడు. ఈ రోజులలోనైనా ఎందరు భర్తలు ఆ మాట అంటున్నారు?

సిన్సినాటికి ఎదురుగా ఒహాయో నది. అవతలి ఒడ్డున కెంటకీ రాష్ట్రం. అక్కడ మనుష్యులను పశువులవలె కొని అమ్మేవారు. నది దాటి పారిపోయి వచ్చినవారి గాథలు హ్యారియెట్ ఎన్నో విన్నది. అయితే 1849 జూలైలో ఊరిలో కలరా వ్యాపించి, పద్దెనిమిది నెలల పసివాడు శామ్యూల్ చార్లెస్ చనిపోయాడు. భర్త అప్పుడు ఊరిలో లేడు. బిడ్డను లాక్కొని అమ్మివేస్తే బానిస తల్లి కడుపు ఎలా కాలిపోతుందో ఆ పసివాని మంచం దగ్గర, ఆ సమాధి దగ్గర తెలుసుకొన్నానని ఆమె తరువాత ఒక ఉత్తరంలో వ్రాసింది.

1850లో ఆ కుటుంబం మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్‌కు మారింది. పారిపోయిన బానిసలను యజమానులకు తిరిగి అప్పగించాలని, వారికి సహాయం చేసినవారిని శిక్షించాలని ఆ సంవత్సరమే చట్టం వచ్చింది. బానిసత్వం లేని రాష్ట్రాలలో కూడా అదే చట్టం. దీని గురించి నీవు వ్రాయాలి అని ఆమె సహోదరుని భార్య ఉత్తరంలో ప్రాధేయపడింది. అప్పటికి హ్యారియెట్ ఒడిలో కొన్ని నెలల బాబు ఉన్నాడు. బిడ్డ రాత్రులు నా ప్రక్కన పడుకొన్నంత కాలం ఎక్కువ చేయలేను, కాని చివరకు వ్రాసి తీరుతాను అని జవాబిచ్చింది. 1851 ఫిబ్రవరిలో ప్రభు సంస్కారపు ఆరాధనలో కూర్చుండగా, కొరడా దెబ్బలకు చనిపోతున్న ఒక బానిస దృశ్యం తన కన్నుల ముందు కదిలిందని ఆమె చెప్పేది.

అదే 'అంకుల్ టామ్స్ కేబిన్'. 1851 జూన్ నుండి 1852 ఏప్రిల్ వరకు 'నేషనల్ ఎరా' అనే వారపత్రికలో వచ్చింది. కొన్ని వారాలు భాగం అందక ఆగిపోయింది కూడా. ఇంటిపని అటువంటిది. అప్పుడు అక్క కేథరిన్ వచ్చి, ఇంటిని, పిల్లలను తన చేతిలోకి తీసుకొని ఆ నవల పూర్తయ్యేలా చూసింది. హ్యారియెట్ కథ చెప్పేవారు ఈ కేథరిన్‌ను తరచుగా మరచిపోతారు. మేము మాత్రం ఆమెనే ముందు తలచుకుంటాము. మన ఇండ్లలో అత్తగారో, ఆడబిడ్డో, భర్తో సాయంత్రం ఒక్క గంట పిల్లలను ఎత్తుకొంటే ఆ నోటుపుస్తకాలు ఎంతగా నిండుతాయో!

1852లో వెలువడిన ఆ పుస్తకం మొదటి సంవత్సరంలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1865లో రాజ్యాంగ సవరణతో ఆ దేశంలో బానిసత్వం రద్దయింది. ఒక నవలే దానిని రద్దు చేసిందనడం అతిశయోక్తి. ఒక యుద్ధమే జరగవలసి వచ్చింది. నల్లజాతివారిని ఆమె చిత్రించిన తీరును జేమ్స్ బాల్డ్విన్ అనే నల్లజాతి రచయిత 1949లో గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శలో న్యాయముంది. ఇతరుల బాధను వ్రాసేవారు వారి నోటి నుండి ఇంకా ఎక్కువ వినవలసి ఉంటుంది.

రాత్రులు తల్లిని కలం పట్టనివ్వని ఆ చంటివాడు చార్లెస్ పెరిగి పాస్టరు అయ్యాడు. తల్లి ఉత్తరాలను, దినచర్యలను కూర్చి, 1889లో ఆమె జీవిత చరిత్రను వ్రాసి అచ్చువేయించింది అతడే.